రిమోట్ స్టార్టర్, మూడు చెన్నై ఎండాకాలాల తర్వాత: రిలే ఎక్కడ కావాలి, ఎక్కడ దండగ

చెన్నైలో రిమోట్ స్టార్టర్ (బండి ఎక్కకముందే దూరం నుంచి ఇంజిన్ స్టార్ట్ చేసే పరికరం) పెట్టించుకునేది ఏసీ కోసమే. మే నెల ఎండలో నిలిపిన బండి ఎక్కేలోగా కాస్త చల్లబడాలి, అంతే. తాళంచెవితో స్టార్టయ్యే ఆటోమేటిక్ బండిలో మూడేళ్లు వాడాక మాడ్యూల్‌కి, అంటే స్టార్టర్ పెట్టెకి, వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. తంటా అంతా రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చుల) దగ్గరే.

మాడ్యూల్ లోపలి రిలేలు ఇగ్నిషన్ (ఇంజిన్ నడవడానికి కావాల్సినది), యాక్సెసరీ (రేడియోలాంటి వాటిది), స్టార్టర్ (సెల్ఫ్ మోటారుది) తీగలకు సరిపోతాయి. బండికి ఇగ్నిషన్ తీగ ఒకటే అయితే బయట రిలే దండగ. రెండుండి, బ్లోయర్ (ఏసీ గాలి విసిరే ఫ్యాన్) రెండోదాని మీద ఉంటే మాత్రం రిమోట్ నొక్కగానే ఇంజిన్ లేస్తుంది, గాలి రాదు. ముందు ఆ తీగకి మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటరు) పెట్టి చూడాలి: కీ ఆన్‌లో వచ్చిన వోల్టేజి సెల్ఫ్ కొట్టేటప్పుడూ నిలిస్తే ఇగ్నిషన్, సున్నాకి పడితే దాన్ని యాక్సెసరీలా చూడాలి.

రెండో ఇగ్నిషన్‌కి ఈ మాడ్యూల్ ఇచ్చేది 250 మిల్లీ ఆంపియర్ల దాకా మోసే మైనస్ సిగ్నల్ (ఆన్ అయినప్పుడు మైనస్‌కి కలిపే తీగ). 40 ఆంపియర్ల రిలే కాయిల్ (స్విచ్చుని లాగే తీగచుట్ట) ఒక్కటే దాదాపు 140 తీసుకుంటుంది. ఒకే సిగ్నల్‌కి రెండు రిలేలు తగిలిస్తే 280, అంటే పరిమితి దాటినట్టే. కొన్నాళ్లు నడుస్తుంది కూడా, అదే చిక్కు.

వైరింగ్ ఇలా (అంకెలు రిలే కాళ్లవి, 85, 86 కాయిల్ కొసలు): 86కి ఫ్యూజున్న 12 వోల్టులు, 85కి మాడ్యూల్ సిగ్నల్, 30కి బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 87 నుంచి రెండో ఇగ్నిషన్‌కి. కాయిల్ ఆగినప్పుడు ఎగసే వోల్టేజి మాడ్యూల్‌కి తగలకుండా, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది), గీత ఉన్న కొస 86 వైపు. తిరగేస్తే మాడ్యూల్ ఔట్‌పుట్ పోతుంది. రిచ్చీ స్ట్రీట్‌లో ఈ డయోడ్ చిల్లర డబ్బులకే దొరుకుతుంది. అయిదు కాళ్ల రిలే వాడితే 87ఏ కొసని (రిలే ఆగి ఉన్నప్పుడు 30కి కలిసి ఉండేది) టేపుతో మూసేయాలి. రిలే ఊరికే ఉన్నప్పుడు దానిలో బ్యాటరీ కరెంటే ఉంటుంది, బాడీకి తగిలితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఈ పనికి నాలుగు కాళ్లదే మేలు.

రిలే కన్నా ముందు చెడేది సాకెట్టు. జీపీ రోడ్డులో తీగలతో సహా దొరికే చవక సాకెట్లలో తీగ సన్నం, క్లిప్పు వదులు. బ్లోయర్ ఫుల్లో పెట్టి 30కీ 87కీ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టుల లోపు ఉంటే పర్వాలేదు. 0.5 వస్తే, 18 ఆంపియర్ల దగ్గర 9 వాట్ల వేడి ఆ ప్లాస్టిక్‌లోనే దిగుతోందన్నమాట. తీగ గోధుమరంగుకి తిరిగితే రిలేతోపాటు సాకెట్టూ మార్చాలి.

ఇంజిన్ నడుస్తుండగా కీ తిప్పి మళ్లీ సెల్ఫ్ కొట్టే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే కీ నుంచి సెల్ఫ్‌కి కరెంటు వెళ్లకుండా స్టార్టర్ తీగ కోసి ఇంకో రిలే వేయించాలి: కీ వైపు 87ఏకి, మోటారు వైపు 30కి. పుష్ బటన్ బండికి ఇవేవీ అక్కర్లేదు. గేరు బండికైతే రిమోట్ స్టార్టరే వద్దు, గేర్లో వదిలేసిన బండి ముందుకి దూకుతుంది.