షేర్‌పాయింట్ 2013 నుంచి ఎటు? డేటాబేస్‌తో సహా కొత్త సర్వర్‌కా, ఆన్‌లైన్‌కా?

ఒంగోలు, చీమకుర్తి ఆఫీసుల్లో ఐటీ చూసే కుర్రాళ్లు ఫోన్ చేస్తే అడిగేది ఒక్కటే: "అన్నా, మా షేర్‌పాయింట్ 2013 ఇంకా నడుస్తానే ఉంది. ఎటు మార్చమంటావు?" షేర్‌పాయింట్ అంటే ఆఫీసు ఫైళ్లు, లిస్టులు ఒకచోట దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. ఈ 2013 వెర్షన్‌కి సపోర్ట్ 2023 ఏప్రిల్ 11నే ఆగిపోయింది. కాబట్టి మార్చక తప్పదు.

మొదటి దారి, ఫైళ్లూ లిస్టులూ అన్నీ ఉండే కంటెంట్ డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి అటాచ్ చేయడం. పర్మిషన్లు, పాత వెర్షన్లు, ఎవరు ఎప్పుడు మార్చారన్న వివరాలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. గ్రానైట్ ఎగుమతివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. బ్లాకులో సన్న పగులు ముందే ఉందని కొన్నవాడు పేచీ పెడితే, ఇన్‌స్పెక్షన్ ఫోటో ఏ తేదీన ఎక్కిందో చూపించాలి. చిక్కల్లా, 2013 నుంచి ఇప్పటి సర్వర్ వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి నేరుగా పోలేం. అది 2016, 2019 డేటాబేస్‌లనే తీసుకుంటుంది. మధ్యలో ఒక 2016 సర్వర్ నిలబెట్టాల్సిందే. పాత 2010 వెర్షన్ రూపంలోనే (2010 మోడ్) మిగిలిపోయిన సైట్లుంటే అంతకన్నా ముందే అప్‌గ్రేడ్ చేయాలి. పోనీ 2019 దగ్గరే ఆగుదామంటే, దాని సపోర్ట్ కూడా 2026 జూలై 14 వరకే.

రెండోది, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మైగ్రేషన్ టూల్‌తో షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కి, అంటే మైక్రోసాఫ్ట్ సొంత సర్వర్లకి, ఎక్కించడం.

నన్నడిగితే, ఈ రెండింటి మధ్య తేల్చేది సర్వర్ ఖర్చు కాదు, ఆఫీసు కోసం ప్రత్యేకంగా రాయించుకున్న పాత కస్టమ్ కోడ్. గత నెల చీమకుర్తిలో ఒక ఆఫీసులో డేటాబేస్ కాపీ మీద, కొత్త సర్వర్‌లో ఏమేం లోపిస్తాయో చెప్పే టెస్ట్ కమాండ్ నడిపాను. ఈ ఫీచర్ లేదు, ఆ వెబ్ పార్ట్ (పేజీలో పెట్టే చిన్న ప్రోగ్రాం) లేదు అంటూ తెర నిండా ఎర్రర్లే. ఎక్కువ భాగం బ్లాకు కొలతల్ని క్యూబిక్ మీటర్లలోకి మార్చే ఒక్క వెబ్ పార్ట్‌వి. రాసినతను ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. డేటాబేస్ దారిలో పోతే దాన్ని 2016లో ఒకసారి, ఆ పైన మరోసారి బతికించాలి. ఆన్‌లైన్‌లో ఆ కోడ్ ఎలాగూ నడవదు. దాని బదులు లిస్టులో పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేసే ఒక కాలిక్యులేటెడ్ కాలమ్ పెట్టాం, పది నిమిషాల పని. దీనికా ఇన్నాళ్లు కోడ్ మోశారు అనిపించింది.

ఆన్‌లైన్‌కీ దాని తలనొప్పులున్నాయి. ఫైల్‌ని ఒకరి తర్వాత ఒకరికి అప్రూవల్‌కి పంపే 2013 వర్క్‌ఫ్లోలకి అక్కడ 2026 ఏప్రిల్ 2తో చెల్లు, అప్రూవల్స్ పవర్ ఆటోమేట్ అనే మరో మైక్రోసాఫ్ట్ టూల్‌లో మళ్లీ కట్టుకోవాలి. ఫోల్డర్లతో కలిపి ఫైల్ పాత్ 400 అక్షరాలు దాటకూడదు. 'ఫైనల్' లోపల 'ఫైనల్ కొత్తది' పెట్టే ఆఫీసుల్లో ఇది నిజంగానే తగులుతుంది. నెట్ గురించి టెన్షన్ వద్దు. మొదటి విడత రాత్రిళ్లు నడిపి, ఆదివారం మళ్లీ నడిపితే మారిన ఫైళ్లే వెళ్తాయి.

చేత్తో కాపీ పేస్ట్ చేస్తే తేదీలన్నీ ఈరోజువైపోతాయి, వదిలేయండి. డబ్బు పెట్టి కొనే టూల్స్ చిన్న ఆఫీసుకి అవసరం పడవు.

కోడ్ సోర్స్ చేతిలో ఉండి, సర్వర్ చూసుకునే మనిషి కూడా ఉంటే డేటాబేస్ దారే పట్టండి. మిగతావాళ్లు ఆన్‌లైన్‌కి పోయేముందు యూజర్ మ్యాపింగ్ ఫైల్ రాసుకోండి. మానేసినవాళ్ల ఫైళ్లు ఎవరి పేరు మీదికి వెళ్లాలో టూల్‌కి మనమే చెప్పాలి.