లూప్ ఫిల్టర్ ఆపేస్తే నడిచిన పాత లాప్‌టాప్

2005లో మొదటి ఉద్యోగంలో ఉండగా వాయిదాల మీద కొన్న లాప్‌టాప్ ఇప్పుడు రాజమండ్రిలో మా నాన్న టేబుల్ మీద ఉంది. రోజూ సాయంత్రం రెండు గంటలు వీడియోలు ప్లే చేస్తుంది. పెంటియం ఎం, 1.73 గిగాహెర్ట్జ్, 1024×768 స్క్రీన్. మిగతా వివరాలు ఇక్కడ అనవసరం. దీని ఆయుష్షు పెంచింది ఒకే ఒక్క సెట్టింగ్. వీడియో ప్లేయర్‌లో ఉండే ఆ సెట్టింగ్ పేరు స్కిప్ లూప్ ఫిల్టర్. పదిహేనేళ్లు వాడాక దాని గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసొప్పలేదు.

కొన్న కొత్తలో ఈ లాప్‌టాప్ ఏ వీడియోకీ తడబడలేదు. 700 ఎంబీ సీడీలో పట్టేలా చేసిన డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ ఫైళ్లు హాయిగా నడిచేవి. 2010లో అమీర్‌పేట రూములో ఉండగా రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో ఒక ఎంకేవీ ఫైలు తెచ్చాడు. 720పీ హెచ్‌డీ వీడియో, హెచ్.264 అనే పద్ధతిలో కుదించింది. తెరవగానే మాట ముందు వినబడుతోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి. రెండు నిమిషాలకే బొమ్మ ఆగడం, ఒక్కసారిగా దూకడం మొదలైంది. ర్యామ్ చాలట్లేదనుకుని సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి 512 ఎంబీని 1.5 జీబీ చేయించాను. రూముకొచ్చి అదే ఫైలు తెరిస్తే తేడా ఏమీ లేదు. జీతం అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆ డబ్బు పోవడం నన్ను చాలా బాధపెట్టింది. వీడియో తడబడితే ఇప్పటికీ చాలామంది ముందు ర్యామ్ వైపే చూస్తారు, అందుకే చెబుతున్నాను. కుదించిన వీడియోను విప్పడం ప్రాసెసర్ పని. అక్కడ బలం చాలకపోతే ర్యామ్ ఎంత పెంచినా బొమ్మ కదలదు.

వారం తర్వాత రూమ్మేటే ఎక్కడో చదివి వచ్చాడు. వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో కోడెక్స్ పేజీ తెరిచి, లూప్ ఫిల్టర్‌ను స్కిప్ చేయమనే చోట ‘ఆల్’ అని పెట్టాడు. ప్లేయర్ మూసి మళ్లీ తెరిచాం. అదే ఫైలు, అదే లాప్‌టాప్. పెదాలూ మాటా కలిశాయి. పాట వచ్చినప్పుడు, జనం గుంపుగా పరుగెత్తినప్పుడు తప్ప ఎక్కడా ఆగలేదు. ఆ రాత్రి సినిమా మొత్తం చూసేశాం. కొత్త లాప్‌టాప్ కొన్నా అంత సంతోషం ఉండేది కాదేమో.

ఇది ఎందుకు పనిచేస్తుందో తర్వాత నెమ్మదిగా అర్థమైంది. హెచ్.264 ప్రతి బొమ్మనూ చిన్న చిన్న గడులుగా విడగొట్టి కుదిస్తుంది. బాగా కుదిస్తే ఆ గడుల అంచులు గళ్ల లుంగీలా పైకి కనబడతాయి. విప్పేటప్పుడు ప్రతి ఫ్రేములోనూ ఆ అంచులన్నీ వెతికి నునుపు చేయాలి. ఆ పనే లూప్ ఫిల్టర్. డీకోడర్ చేసే శ్రమలో దాదాపు మూడో వంతు దీనికే పోతుందంటారు. డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ ఫైళ్లలో ఈ ఫిల్టర్ లేదు, కాబట్టే అవి పాత ప్రాసెసర్‌కు తేలిక. నునుపు చేయడం మానేస్తే ఆ మూడో వంతు మిగులుతుంది. నా ప్రాసెసర్‌కు తక్కువైంది సరిగ్గా అంతే.

2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయాక డెబియన్ అనే లినక్స్ వేశాను. ప్లేయర్‌గా ఎస్ఎంప్లేయర్ పెట్టుకున్నాను. అందులో ఈ ఫిల్టర్‌కు మూడు దారులుంటాయి: ఎప్పుడూ ఉంచడం, ఎప్పుడూ తీసేయడం, హెచ్‌డీ వీడియోలకు మాత్రమే తీసేయడం. మూడోది పెట్టి మర్చిపోయాను. వీడియో అవుట్‌పుట్‌ను ఎక్స్‌వీకి మార్చడం మాత్రం మర్చిపోకూడదు. రంగులు మార్చే పని, బొమ్మను స్క్రీన్‌కు తగ్గట్టు సాగదీసే పని అప్పుడు గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. నాన్న రిటైరయ్యాక లాప్‌టాప్ ఆయనకిచ్చేశాను. ప్రవచనాలు, పాత సినిమాలు, నేను పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చేవి, అన్నీ చూసేవారు. ఏళ్ల తరబడి ఆయన నోట ఒక్క ఫిర్యాదు వినలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కు నాన్న వెళ్లలేకపోయారు. అప్పటికి కంటి ఆపరేషన్ అయి పది రోజులే అయింది. మా తమ్ముడు ఫోన్‌తో తీసిన క్లిప్పులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. మొత్తం 37 క్లిప్పులు, నలభై నిమిషాలు. నేను హైదరాబాద్ నుంచి తీసుకెళ్లి పెట్టాను. నాన్న ముందు గదిలో కుర్చీ జరుపుకుని కూర్చున్నారు, అమ్మ పక్కన నిలబడింది. మొదటి క్లిప్ తెరిచాను. సన్నాయి స్పష్టంగా వినబడుతోంది. పిల్ల పీటల మీద కూర్చోబోతూ సగంలో ఆగిపోయింది. ఆగింది ఆగినట్టే ఉంది.

“ఒరే, మాటలు వినబడుతున్నాయి గానీ మనుషులు కదలట్లేదు,” అన్నారు నాన్న.

ఆ క్లిప్పులు హెచ్.265, 1080పీ. హెచ్.264తో పోలిస్తే ఇంచుమించు సగం సైజులో అదే నాణ్యత ఇస్తుంది కాబట్టి ఫోన్లు చోటు మిగల్చడానికి దీన్ని వాడతాయి. కుదింపు పెరిగినకొద్దీ విప్పే శ్రమా పెరుగుతుంది. పైగా ఇందులో అంచులు నునుపు చేసే ఫిల్టర్ తర్వాత ఇంకో ఫిల్టర్ కూడా ఉంది. రెండూ తీసేసి చూశాను. ఫ్రేములు వదిలేయమన్నాను. సెకనుకు ముప్పై ఫ్రేములు రావాల్సిన చోట నాలుగైదుకు మించలేదు. ఈ ఫార్మాట్ కోసం డీకోడర్లలో రాసిన వేగవంతమైన కోడ్‌లో చాలా భాగం తర్వాత వచ్చిన ప్రాసెసర్ల సూచనలతో రాసింది. పెంటియం ఎం ఎస్ఎస్ఈ2 అనే పాత సూచనల దగ్గరే ఆగిపోయింది. పదేళ్లకు పైగా నేను నమ్ముకున్న సెట్టింగ్ నాన్న ముందే చేతులెత్తేసింది. ఆయన ఏమీ అనలేదు. “పోనీలే, ఫోన్లో చూస్తాను,” అని లేచారు. ఫోన్ స్క్రీన్ ఆ కళ్లకు ఆనదని మా ఇద్దరికీ తెలుసు. నాకు ప్రాణం ఉసూరుమంది.

నా ఆఫీసు లాప్‌టాప్‌లో బయటి ఫైళ్లు పెట్టే వీలు లేదు. అందుకని ఈ లాప్‌టాప్‌తోనే క్లిప్పులను మార్చాలనుకున్నాను. ప్లే చేయలేకపోయినా మార్చగలదు, ఎందుకంటే మార్చేటప్పుడు తొందర లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ ఒక్కో ఫ్రేమునూ తన వేగంలో విప్పి మళ్లీ హెచ్.264గా కుదిస్తుంది. నలభై నిమిషాలంటే 72,000 ఫ్రేములు. సెకనుకు మూడు చొప్పున వేసుకుంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఎత్తు 1080 నుంచి 576కి తగ్గించమన్నాను. ఈ స్క్రీన్ మీద అడ్డ వీడియోకు 1024×576 కంటే చోటు లేదు. ఒక్కో ఫ్రేముకు ఇరవై లక్షలకు పైగా పిక్సెళ్లు విప్పి, ఆరు లక్షలైనా పట్టని చోట చూపించడం ఎప్పుడైనా వృథా శ్రమే.

మధ్యాహ్నం మొదలుపెట్టాను. మూడో క్లిప్ మధ్యలో వేడెక్కి లాప్‌టాప్ ఆగిపోయింది. ఫ్యాన్ జల్లెడ తెరిస్తే దూది పేరుకున్నట్టు దుమ్ము. బ్రష్‌తో దులిపి, రాత్రి పది గంటలకు మళ్లీ నడిపి పడుకున్నాను. అయిపోయిన క్లిప్పులను మళ్లీ చేయకుండా వదిలేయమని కూడా చెప్పాను. తెల్లవారుజామున లేచి చూస్తే ముందు గదిలో టేబుల్ ఫ్యాన్ లాప్‌టాప్ వైపు తిప్పి ఉంది. లాప్‌టాప్ వెనక అంచు కింద రెండు పుస్తకాలు ఎత్తుగా పెట్టి, గాలి ఆడేలా చేశారు. నాన్న రాత్రి రెండింటికి లేచి, వేడి చూసి అలా పెట్టారట. ఎండాకాలం, ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యానే. 37వ క్లిప్ పూర్తయి ఉంది.

పొద్దున్నే కాఫీలు తాగుతూ అందరం చూశాం. మూడోది తప్ప అన్నీ నడిచాయి. సగంలో ఆగిన మూడో ఫైలు డిస్కులో ఉండిపోవడంతో, అది అయిపోయిందనుకుని ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాత్రి దాన్ని వదిలేసింది. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక చివర్లో రాస్తారు, కాబట్టి మధ్యలో ఆగిన ఫైలు అసలు తెరుచుకోదు. మా అమ్మమ్మ అక్షింతలు వేసిన క్లిప్ అదే. మళ్లీ మార్చడానికి పావుగంట పైనే పట్టింది, నాన్న లేవకుండా కూర్చున్నారు. అప్పటి నుంచి ఎంకేవీలోనే రాయిస్తున్నాను. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా అయినంత ప్లే అవుతుంది.

ఇప్పుడు నా పాత మెచ్చుకోలును కొంచెం వెనక్కి తీసుకోవాలి. క్లిప్పులు మార్చేటప్పుడు హెచ్.264గా కుదించే ఎక్స్264లో ఫాస్ట్‌డీకోడ్ అనే సెట్టింగ్ పెట్టాను. పాత యంత్రాలు తేలిగ్గా విప్పేలా కుదించడానికే అది ఉంది. లూప్ ఫిల్టర్‌ను ఆపేస్తుంది, లెక్కల్లో బరువైన క్యాబాక్ పద్ధతిని కూడా మానేస్తుంది. ఫైలు సైజు కొంత పెరుగుతుంది, అంతే. ఆ క్లిప్పుల్లో మా వాళ్ల ముఖాలు చూశాకే ఇన్నేళ్లూ చూసిన బొమ్మలో ఏం తగ్గిందో తెలిసింది. ప్లేయర్‌లో ఫిల్టర్ తీసేస్తే పోయేది అంచుల నునుపు ఒక్కటే కాదు. తర్వాతి ఫ్రేమును నునుపు చేసిన ఫ్రేము మీద ఆధారపడి కడతారు. మనం నునుపు చేయలేదు కాబట్టి ఆ తప్పు తర్వాతి దానికి, అక్కడి నుంచి ఆ తర్వాతి దానికి పేరుకుంటూ పోతుంది. ముందు ఫ్రేముల మీద ఆధారపడని కీఫ్రేము రాగానే బొమ్మ మళ్లీ శుభ్రమవుతుంది. ఎక్స్264 మామూలుగా వదిలేస్తే రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండొచ్చు. అంటే పది సెకన్ల దాకా ముఖం మెల్లగా మసకబారి, ఒక్కసారిగా తేటపడుతుంది. రాత్రి సీన్లలో, హారతి పొగలో ఇది బాగా కనబడుతుంది. నేను దాన్ని ప్రింట్ బాగాలేదనుకుని సరిపెట్టుకున్నాను. నాన్న తన చూపే తగ్గిందనుకున్నారేమోనని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఫాస్ట్‌డీకోడ్‌లో ఈ ఇబ్బంది లేదు. ఫిల్టర్ లేదని కుదించేవాడికీ విప్పేవాడికీ ముందే తెలుసు కాబట్టి ఇద్దరి లెక్కా ఒకటే.

అయితే దీనికీ ఒక లోటుంది. తమ్ముడి ఫోన్‌లో హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే పద్ధతి, ఆన్‌లో ఉంది. అలాంటి వీడియోను రంగుల సర్దుబాటు లేకుండా మారిస్తే పాలిపోతుంది. పిల్ల ఓణీ వంగపండు రంగు. మా క్లిప్పుల్లో అది పదిసార్లు ఉతికి ఎండలో ఆరేసినట్టు వచ్చింది. “నేను కొన్న రంగు ఇది కాదు,” అని అమ్మ రెండుసార్లు అంది. సర్దుబాటు చేసే ఫిల్టర్లు ఉన్నాయి గానీ, ఈ ప్రాసెసర్ మీద అవి వేస్తే రాత్రి రెండు రాత్రులవుతుంది. ఆ రంగును అలాగే వదిలేశాను.

ఇంకొకరికి ఇదంతా చేయమని చెప్పగలనా అంటే, మీ ఇంటి పరిస్థితిని బట్టి. కొంచెం ఖర్చు పెట్టగలిగితే రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు కూడా హెచ్.265ను హార్డ్‌వేర్‌లోనే విప్పేస్తుంది, రాత్రంతా కాపలా అక్కర్లేదు. మాకు కుదరకపోవడానికి కారణం నాన్న కళ్లు. ఆపరేషన్ తర్వాత మెరిసే స్క్రీన్లు ఆయనకు పడట్లేదు. ఈ లాప్‌టాప్‌ది మెరుపు లేని స్క్రీన్, ఎత్తు ఎక్కువ, పేపరు చదువుకోవడానికి కూడా బాగుంటుంది. ఏ బటన్ ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలుసు. చేతిలో ఒక ఫైలుండి ఇప్పుడే చూడాలంటే స్కిప్ లూప్ ఫిల్టర్‌ను నేటికీ వాడుతున్నాను, 720పీ హెచ్.264 వరకే. మళ్లీ మళ్లీ చూసుకునే ఇంటి వీడియోలైతే ఫాస్ట్‌డీకోడ్‌తో మార్చాకే నాన్న టేబుల్ మీదకు వెళతాయి. ఇలాంటి పాత 32-బిట్ పీసీలో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోగలిగిన చివరి డెబియన్ 12వది, ఇప్పుడు ఇందులో ఉన్నది అదే. దాన్ని కదపను.

వచ్చే నెల పెద్దనాన్న వాళ్ల గృహప్రవేశం. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్‌ను హెచ్.264కి మార్చి, హెచ్‌డీఆర్ ఆపి తీయమని తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. నాన్న పక్కనుంచి అందుకుని, టేబుల్ ఫ్యాన్ రెడీగా ఉందని కూడా చెప్పమన్నారు.