గండికోట: మూడు రోజులు, రెండు బసలు, తొమ్మిది ఫొటోలు కలిపిన ఒక్క ఫొటో

గండికోట లోయ ఒక్క ఫొటోలో పట్టదు. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన గండి అది, అంచున నిలబడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా తల మొత్తం తిప్పి చూడాలి. ఫోన్‌లో పనోరమా మోడ్ ఉంది కదా అంటారు. ఉంది, స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ పెద్దది చేసి చూస్తే రాళ్లన్నీ అలికేసినట్టు కనిపిస్తాయి, చెయ్యి కొంచెం వణికినా కొండ అంచు మెట్లు మెట్లుగా విరుగుతుంది. అందుకే ఈసారి కెమెరాతో విడివిడిగా ఫొటోలు తీసి కంప్యూటర్లో కలపడం నేర్చుకోవాలని డిసెంబర్లో మా తమ్ముడిని తీసుకుని బయల్దేరాను.

హైదరాబాద్‌లో రాత్రి ప్రొద్దుటూరు బస్సెక్కి తెల్లారేసరికి జమ్మలమడుగులో దిగాం. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగినా రావచ్చు. ఊళ్లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి బల్ల కూడా ఉంది. పక్క సందులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం, దానికే ఇంకోసారి రావచ్చు. అక్కడి నుంచి కోటకు దాదాపు 15 కిలోమీటర్లు. "యాడ దిగుతారక్కా, కోట లోపలా, టూరిజం కాడా?" అన్నాడు ఆటో అబ్బాయి. లోపలికే పొమ్మన్నాం, కోటలో ఇప్పటికీ ఊరుంది, జనం ఉంటున్నారు.

మొదటి రోజు మధ్యాహ్నం లోయ అంచున బండ మీద కూర్చుని చేత్తోనే ఎడమ నుంచి కుడికి ఏడు ఫొటోలు తీశాను. సాయంత్రం లాడ్జిలో హగిన్‌లో వేసి చూశాను. ఇది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, ఫొటోలు ఇస్తే వాటిలో ఒకేలా ఉన్న చోట్లు వెతికి, వాటిని కంట్రోల్ పాయింట్లు అంటారు, వాటి ఆధారంగా కలుపుతుంది. ఫొటో వచ్చింది కానీ రెండు తప్పులు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఆకాశం నిలువు చారలుగా ఉంది, ఒకచోట లేతగా, పక్కనే ముదురుగా. కెమెరా ఆటో మోడ్‌లో ఉండటంతో ఒక్కో ఫొటోకి ఒక్కో ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుగు తీసుకోవాలన్న లెక్క, పెట్టుకుంది, పైగా లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్ అద్దం) తగిలించి ఉంచాను. అది సూర్యుడికి ఏ కోణంలో తిరిగితే ఆ మేరకు నీలాన్ని మారుస్తుంది కాబట్టి పనోరమాకి తీసేయాల్సిందే.

రెండో తప్పు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నాకు మీటరు దూరంలో ఉన్న బండరాయి అంచు, అతుకు పడిన చోట రెండుగా చీలింది. వెనకున్న కొండ మాత్రం చక్కగా కలిసింది. బొటనవేలు ముందుకు చాపి ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూడండి, వేలు వెనక గోడ మీద పక్కకి జరిగినట్టుంటుంది. అదే ఇక్కడ జరిగింది. నేను నడుము తిప్పుతున్నాను, కెమెరా నా చుట్టూ తిరుగుతోంది, అంటే లెన్స్ చోటు ప్రతి ఫొటోకి మారుతోంది. తిరగాల్సింది లెన్స్ చుట్టూ. దూరంగా ఉన్నవాటికి ఈ తేడా తెలియదు, దగ్గరి రాయి మాత్రం పట్టిచ్చేస్తుంది.

రెండో రోజు సూర్యోదయం మాకు దక్కలేదు. ఐదింటికి రమ్మన్న ఆటో ఆరుంపావుకి వచ్చింది, మేం అంచు చేరేసరికి ఎండ వచ్చేసింది. ఆ టెన్షన్ ఇంకోసారి వద్దనుకుని లాడ్జి ఖాళీ చేసేశాం. ఫొటోల కోసం వచ్చేవాళ్లకి నా సలహా ఇదే: గది ఎంత బాగున్నా, తెల్లవారుజామున చీకట్లో 15 కిలోమీటర్లు ఎవరో తీసుకెళ్లాలంటే ఆ బస పనికిరాదు.

పగలు కారు మాట్లాడుకుని బెలుం గుహలకు వెళ్లాం, ఒకవైపే సుమారు 60 కిలోమీటర్లు. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా చూడనిస్తారు. చూడాల్సిన చోటే, నీళ్లు సున్నపురాయిని కోసి చేసిన ఆ మెలికల దారులు ఎన్నిసార్లయినా చూడొచ్చు. పనోరమాకి మాత్రం కాదు. లోపల ఉక్కపోత, లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, గోడలు మరీ దగ్గర, వెనక జనం ఆగరు. నాలాగా కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు అక్కడ కెమెరా సంచిలో పెట్టి తిరిగితేనే హాయి.

సాయంత్రానికి మళ్లీ గండికోట. టూరిజం వాళ్ల హరిత హోటల్ కోటకు దగ్గర్లోనే ఉంది కానీ శనివారం కావడంతో గది దొరకలేదు, ముందే బుక్ చేసుకోవాలి. దాంతో టెంటు తీసుకున్నాం, ఇద్దరికీ భోజనంతో 1,800. నిజం చెప్పాలంటే సర్వీసు బాగాలేదు. రాత్రి ఒంటిగంట దాకా పక్కవాళ్ల స్పీకర్లు, దుప్పట్లలో దుమ్ము, ఇద్దరు ముగ్గురు వాడేంత చార్జింగ్ పాయింటుకి ఇరవై మంది. కానీ అక్కడి నుంచి లోయ అంచుకి నడిచి వెళ్లొచ్చు. ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ ఓర్చుకోవచ్చు, బ్యాటరీలు నిండా చార్జ్ చేసుకుని, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చుకుంటే సరి.

ఆ సాయంత్రమే పని కుదిరింది. సూర్యుడు మా వెనక ఉన్నాడు, ఎదురుగా గోడలు పలకలు పేర్చినట్టున్న రాళ్లతో ఎర్రగా వెలుగుతున్నాయి. టీ కొట్టు ఆమెను మూరెడు పురికొస అడిగితే నాలుగు మూరలు ఇచ్చింది. దాని చివర గులకరాయి కట్టి, రెండో చివర లెన్స్ చుట్టూ బిగించాను. బండ మీద ఐదు రూపాయల బిళ్ల పెట్టి, రాయి ఎప్పుడూ ఆ బిళ్ల మీదే వేలాడేలా చూసుకుంటూ నేనే దాని చుట్టూ చిన్న చిన్న అడుగులు వేశాను. ట్రైపాడ్ లేకుండా లెన్స్‌ని ఒకే చోట ఉంచడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. ఈసారి దగ్గరి రాళ్లు రాకుండా నాలుగడుగులు వెనక్కి జరిగాను కూడా. మేం నిలబడిన చోట అంచుకి రెయిలింగ్ లేదు, కన్ను కెమెరాలో పెట్టి అడుగులు వేయకూడదు. తమ్ముడు నా బ్యాగు పట్టీ పట్టుకుని నిలబడి "అక్కా, కుడికాలు చాలు" అని చెబుతుంటేనే తిరిగాను.

కెమెరా నిలువుగా పట్టుకున్నాను, అలా అయితే పైనా కిందా కత్తిరించడానికి చోటు మిగులుతుంది. లెన్స్ జూమ్ 35 మి.మీ. దగ్గర ఆపి, అన్నిటికంటే వెలుగున్న చోట కొలిచి, మాన్యువల్‌లో, అంటే అన్నీ నేనే పెట్టుకునే మోడ్‌లో, ఎఫ్ 8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), 1/125 సెకను (ఎంతసేపు తెరుచుకోవాలో), ఐఎస్‌ఓ 100 (వెలుగుకి ఎంత స్పందించాలో) పెట్టి ఇక ముట్టుకోలేదు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సరిచేసే సెట్టింగ్) కూడా అంతే. ప్రతి ఫొటోలో మూడో వంతు ముందు ఫొటోది మళ్లీ వచ్చేలా తొమ్మిది తీశాను. మొదటి ఫొటోకి ముందు, చివరి ఫొటో తర్వాత నా అరచేతిని ఒక ఫొటో తీసిపెట్టుకున్నాను, వందల ఫొటోల్లో ఏ తొమ్మిదీ ఒక వరసో లేకపోతే తెలియదు.

మర్నాడు సూర్యోదయానికి అంచునే ఉన్నాం. మనసుకి అదే గొప్పగా ఉంది, కానీ ఎదురుగా సూర్యుడు ఉన్నప్పుడు ఒక చివర తెల్లగా, ఇంకో చివర నల్లగా వచ్చింది. ఒకే ఎక్స్‌పోజర్‌తో అది కుదిరే పని కాదు. కొత్తవాళ్లు సూర్యోదయం కళ్లతో చూసి, పనోరమా సాయంత్రం తీయండి.

తిరిగి వచ్చే ముందు జామియా మసీదు ముంగిట్లో నిలబడి ఇంకొన్ని తీశాను. ఇంటికొచ్చి సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌లో, అంటే గొట్టం లోపల చుట్టూ అతికించి విప్పినట్టుగా పరిచే పద్ధతిలో, కలిపితే అడ్డంగా తిన్నగా ఉండాల్సిన గోడ పైఅంచు విల్లులా వంగింది. తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచే రెక్టిలీనియర్ పద్ధతికి మారిస్తే గీతలు సరిగ్గా అయ్యాయి, కాని రెండు పక్కలా సాగిపోయింది. అందుకే కట్టడాలకి వెనక్కి వెళ్లి తక్కువ వెడల్పు తీసుకోవాలి, లోయకి మాత్రం సిలిండ్రికలే సరిగ్గా ఉంది. లోయ ఫొటోకి ఇంకో పని పడింది: హగిన్ మబ్బుల మీదా నీళ్ల మీదా పెట్టిన కంట్రోల్ పాయింట్లు తీసేశాను, ఫొటోకీ ఫొటోకీ మధ్య అవి కదిలిపోయి ఉంటాయి మరి. అంచున నడుస్తున్న ఒకాయన రెండు చోట్ల కనిపిస్తే మాస్క్ గీసి, అంటే ఆ భాగం వాడొద్దని గుర్తుపెట్టి, ఒకచోట తీసేశాను.

చివరికి వచ్చిన ఫొటో దాదాపు 24 వేల పిక్సెళ్ల వెడల్పు. పెద్దది చేసుకుంటూ పోతే అవతలి గోడ మీద రాతి పలకల మధ్య మొలిచిన చిన్న చెట్టు ఆకులతో సహా కనిపించింది. అక్కడ ఉన్నప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ దాన్ని చూడలేదు.