జియోరాక్ డేటాబేస్: టిబెట్ లావాల మీద పనిచేసేవాళ్లకి పెద్ద దిక్కు

రెండు ఖండాలు ఢీకొన్నచోట పుట్టిన అగ్నిపర్వత శిలల కెమిస్ట్రీ చూసేవాళ్లు జియోరాక్ (పేపర్లలో వచ్చిన శిలల రసాయన విశ్లేషణలన్నీ ఒకచోట చేర్చిన ఆన్‌లైన్ డేటాబేస్) తప్పకుండా వాడండి. పూర్తిగా ఉచితం, మైంజ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మొదలైంది, ఇప్పుడు గోటింగెన్ యూనివర్సిటీ నడుపుతోంది. టిబెట్ అల్ట్రాపొటాసిక్ లావాల (సోడియం ఆక్సైడ్ కంటే పొటాషియం ఆక్సైడ్ 2 రెట్లకు పైగా ఉండేవి) డేటా దించుకుని స్పైడర్ డయాగ్రమ్ (ఒక్కో మూలకం ఎంత ఉందో ఒక ప్రామాణిక కూర్పుతో పోల్చి వరసగా చూపే గ్రాఫ్) గీస్తే, రుబీడియం, థోరియం దగ్గర పైకి లేచిన గీత నయోబియం, టాంటలం దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. ఎప్పుడో సబ్‌డక్షన్‌లో (ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరిపోవడం) లోపలికి పోయిన అవక్షేపాలు మాంటిల్‌ని (భూమి పైపొర కింద ఉండే రాతి పొర) మార్చేసిన గుర్తు అది, చూస్తుంటే భలే ఉంటుంది. ఒక్క విషయంలో జాగ్రత్త. పాత పేపర్ల శాంపిళ్లలో చాలావాటికి ఐసోటోపుల కొలతలు ఉండవు, ల్యాబ్ పద్ధతులూ వేరువేరు, అందుకని మెథడ్ చూడకుండా అన్నీ కలిపి ప్లాట్ చేయకండి. నీరు, వాతావరణం వల్ల రసాయన మార్పుకి గురైన రాళ్లని ముందే తీసేయండి, లేకపోతే పొటాషియం అంకెలు నమ్మలేం.