లూసిల్ బాల్‌కి ఏది మేలు చేసింది: వెండితెరా, బుల్లితెరా?

సినిమాల్లో అవకాశాలు తగ్గాకే సీరియల్స్ వైపు వస్తారని మన దగ్గర చాలామంది అనుకుంటారు. 1950 ప్రాంతంలో హాలీవుడ్ కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచించేది. పెద్ద స్టూడియోలకు టీవీ పేరెత్తితేనే ఒళ్లుమంట. సరిగ్గా ఆ రోజుల్లో, నలభై ఏళ్లు నిండుతుండగా అమెరికన్ హాస్యనటి లూసిల్ బాల్ టీవీలోకి అడుగుపెట్టింది. అప్పటికే సినిమాల్లో ఆమెకు పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉంది. రెండు తెరల్లో ఆమెను నిలబెట్టింది ఏదంటే టీవీ అని ఎవరైనా చెప్పేస్తారు. అది ఎలా నిలబెట్టిందో, బదులుగా ఏం తీసుకుందో చూస్తే మాత్రం లెక్క అంత తేలిగ్గా తెగదు.

ముందు సినిమా సంగతి. 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. నాలుగేళ్లు నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో పోయాడు. టీనేజ్‌లో న్యూయార్క్ నగరంలో డ్రామా స్కూల్లో చేరితే, ఈ పిల్లకి నటన రాదని ఇంటికి పంపేశారు. ఆ సమయంలో అదే స్కూల్లో అందరి మెప్పూ పొందుతున్న విద్యార్థిని, తర్వాత పెద్ద స్టార్ అయిన బెట్టీ డేవిస్. లూసిల్ మోడలింగ్ చేసుకుంటూ, 1933లో ‘రోమన్ స్కాండల్స్’లో గుంపులో ఒక అమ్మాయిగా హాలీవుడ్ చేరింది. తర్వాత ఆర్‌కేఓ స్టూడియోలో జీతానికి కుదిరింది. ‘టాప్ హ్యాట్’ (1935)లో పూలకొట్టులో పనిచేసే అమ్మాయిగా కాసేపు కనిపిస్తుంది. ‘స్టేజ్ డోర్’ (1937)లో కాథరిన్ హెప్‌బర్న్, జింజర్ రోజర్స్ పక్కన ఆమె విసిరే చురకలు ఇప్పటికీ బాగుంటాయి. అయినా పై మెట్టు అందలేదు. ఒకే టికెట్‌పై రెండు సినిమాలు వేసే ఆ కాలంలో, జతగా ఇచ్చే తక్కువ బడ్జెట్ బొమ్మల్లో ఎక్కువగా నటించి ‘బి సినిమాల రాణి’ అనిపించుకుంది. అది పొగడ్తో, ఎత్తిపొడుపో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు.

ఆ తర్వాత ఎంజీఎం అనే పెద్ద స్టూడియో తీసుకుంది. రంగుల సినిమాలో మెరవాలని జుట్టుకు నారింజ ఛాయలో ఎరుపు వేసింది. తమాషా ఏమిటంటే, ఆ ఎర్రజుట్టు ఊరూరా తెలిసింది బ్లాక్ అండ్ వైట్ టీవీ పుణ్యమా అని. ఎంజీఎం ఆమెకు మంచి గౌన్లు, మంచి లైటింగు ఇచ్చింది కానీ ఆమె ఒంట్లో ఉన్న కామెడీని వాడుకోలేదు. ఇది ఒక్క ఎంజీఎం తప్పని కూడా అనలేను. ఒక కెమెరాతో షాటు షాటుగా తీసే పద్ధతిలో ప్రతి కోణానికీ లైట్లు మార్చాలి, చేసిందే మళ్లీ మళ్లీ చేయాలి. ఎదురుగా నవ్వేవాళ్లు ఉండరు. నవ్వు ఎంతసేపు సాగుతుందో, దాన్ని ఎక్కడ ఆపి తర్వాతి మాట అందుకోవాలో సెట్లో తెలియదు. నాటకాలు ఆడినవాళ్లకి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది.

ఈ పోలికలో అందరూ మరిచిపోయే మూడో అభ్యర్థి రేడియో. 1948లో సీబీఎస్ చానల్ రేడియోలో ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ అనే భార్యాభర్తల కామెడీ మొదలైంది. ప్రేక్షకుల ముందే రికార్డింగ్. నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్ ఆమె చేతికి హాస్యనటుడు జాక్ బెన్నీ రేడియో షో టికెట్లిచ్చి, ఆయన మైకు ముందు నిలబడే జనాన్ని ఎలా నవ్విస్తాడో చూసి రమ్మన్నాడు. వెళ్లి చూసింది. ఆ తర్వాత రేడియోలోనూ ముఖంతో, చేతులతో ఆడడం మొదలుపెట్టింది. ఓపెన్‌హైమర్, ఆయనతో పనిచేసిన రచయితలు మాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్ టీవీకి కూడా వెంట వచ్చారు. నా లెక్కలో టీవీకి పడే మార్కుల్లో సగం రేడియో ఖాతాలో వేయాలి.

సీబీఎస్ ఆ షోనే టీవీకి తెద్దామంటే, భర్తగా తన సొంత భర్త డెసీ ఆర్నాజే ఉండాలని పట్టుబట్టింది. 1940లో పెళ్లయింది మొదలు అతను బ్యాండుతో ఊళ్లు తిరగడం, ఈమె స్టూడియోలో ఉండడం. కాపురం నిలబడాలంటే ఇద్దరికీ ఒకేచోట పని కావాలి. క్యూబా యాసతో మాట్లాడే భర్తను అమెరికా జనం ఒప్పుకోరని చానల్ పెద్దల భయం. సరే చూద్దాం అని 1950లో ఇద్దరూ కలిసి స్టేజి షోలు చేసి, జనం ఒప్పుకుంటారని చూపించారు.

సినిమా కూడా చివరి క్షణంలో తలుపు తట్టింది. దర్శకుడు సెసిల్ బి. డెమిల్ తన సర్కస్ సినిమా ‘ది గ్రేటెస్ట్ షో ఆన్ అర్త్’లో వేషం ఇస్తానన్నాడు. ఆమె గర్భవతి కావడంతో అది చేజారి గ్లోరియా గ్రహామ్‌కి వెళ్లింది. ఆ బొమ్మకు ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. లూసిల్‌కి 1951 జులైలో కూతురు పుట్టింది, అక్టోబర్ 15న ఆమె, డెసీ భార్యాభర్తలుగా నటించిన టీవీ కామెడీ ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. ఆ సర్కస్ వేషం దక్కి ఉంటే టీవీ వాయిదా పడేదేమో.

ఇక్కడే ఇంకో ‘ఏది మేలు’ వచ్చింది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. స్పాన్సర్ సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్. అప్పటి పద్ధతి ప్రకారం షో న్యూయార్క్ నుంచి లైవ్‌లో రావాలి. పశ్చిమ తీరంలో జనం, టీవీ తెరను కెమెరాతో తీసిన మసక కాపీ చూసుకోవాలి. లూసిల్, డెసీ లాస్ ఏంజిల్స్ వదిలి రామన్నారు. అక్కడే ఫిలిం మీద తీసి పంపుతామన్నారు. ఖర్చు పెరుగుతుందని పేచీ వచ్చింది. చివరికి ఇద్దరి జీతంలో వారానికి వెయ్యి డాలర్లు తగ్గించుకున్నారు. బదులుగా ఆ ఫిలింల మీద హక్కు తమ కంపెనీ డెసిలూకి రాయించుకున్నారు. ప్రసారమైపోయిన షోకి మళ్లీ విలువేముంటుందని చానల్ అనుకున్నట్టుంది. పునఃప్రసారాల వ్యాపారం ఇంకా పుట్టలేదు మరి.

తీసే పద్ధతి కూడా కొత్తదే. మూడు 35 ఎంఎం కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి, ఎదురుగా 300 మంది వరకు ప్రేక్షకులు. మూడు కోణాలకీ సరిపడేలా పైనుంచి సమంగా పడే వెలుగును అమర్చింది, జర్మనీలో ‘మెట్రోపొలిస్’కి పనిచేసిన కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్. ఫలితం చూడాలంటే 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చాలు. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి, లూసీ (లూసిల్ పాత్ర), ఆమె స్నేహితురాలు ఎథెల్ వాటికి కాగితం చుట్టాలి. బెల్టు వేగం పెరిగేకొద్దీ నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుకుంటారు. కింద జనం నవ్వు పెరిగేకొద్దీ ఆమె కళ్లు ఇంకా పెద్దవవుతుంటాయి. మాటలు దాదాపు లేవు. పద్దెనిమిదేళ్లు సినిమా ఆమె చేత ఇది చేయించలేకపోయింది.

1953 జనవరి 19న లూసీకి తెర మీదా, అదే రోజు బయటా కొడుకు పుట్టాడు. ఆ ఎపిసోడ్ చూసినవాళ్లు 4.4 కోట్లు. మర్నాటి ఐజెన్‌హోవర్ అధ్యక్ష ప్రమాణ స్వీకారానికి 2.9 కోట్లే. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది: 1936లో లూసిల్ తాతగారి మాట కాదనలేక కమ్యూనిస్టుగా ఓటరు నమోదు చేసుకుంది. సినిమావాళ్లు ఎందరో ఆ ఆరోపణతో పని పోగొట్టుకున్న కాలమది. ఈమెకు ఏమీ కాలేదు. ప్రతి సోమవారం ఇంట్లోకి వచ్చే మనిషిని జనం అంత సులువుగా వదులుకోలేదు.

డబ్బు దగ్గర సినిమా వైపు వాదించడానికి ఏమీ మిగలదు. 1957లో దంపతులు ఆర్‌కేఓ స్టూడియో స్థలాలనే 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. ఒకప్పుడు పూలకొట్టు వేషానికి పిలిచిన స్టూడియో అది! 1960లో విడాకులయ్యాయి. 1962లో డెసీ వాటా కొనేసి డెసిలూకి తనే అధ్యక్షురాలైంది. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాసిబుల్’ సీరియల్స్ అక్కడే తయారయ్యాయి. 1967లో కంపెనీని 1.7 కోట్ల డాలర్లకు అమ్మింది. అవార్డులే కొలత అయితే బెట్టీ డేవిస్ దారి మేలు. ఆమెకు రెండు ఆస్కార్లు, లూసిల్‌కి ఒక్క నామినేషన్ కూడా లేదు.

టీవీ తీసుకున్నదీ తక్కువ కాదు. షో కాపురాన్ని దగ్గర చేసింది కానీ నిలబెట్టలేదు. ఆ తర్వాత ‘ది లూసీ షో’, ‘హియర్స్ లూసీ’, 75 ఏళ్ల వయసులో ‘లైఫ్ విత్ లూసీ’. ప్రతిదాంట్లో అదే పేరు, అదే ఎర్రజుట్టు. 1986లో వచ్చిన ఆ చివరిది 8 ఎపిసోడ్లు ప్రసారం కాగానే ఆగిపోయింది. ఆ వయసులో ఆమె నిచ్చెనలెక్కి పడుతుంటే చూసేవాళ్లకి నవ్వుకు బదులు టెన్షన్.

అందుకే ఆమెను తెలుసుకోవాలనుకునేవాళ్లకి చాక్లెట్ ఎపిసోడ్‌తో పాటు ‘ది బిగ్ స్ట్రీట్’ (1942) కూడా చూడమంటాను. హెన్రీ ఫోండా పక్కన వీల్‌చైర్‌లో కూర్చున్న నైట్‌క్లబ్ గాయని. పొగరు, స్వార్థం, తనను మోసేవాడి మీదే చిరాకు. జాలి కోసం ఆమె ఎక్కడా ప్రయత్నించదు. సినిమా ఈ నటిని ఒకసారి చూపించి మళ్లీ పిలవలేదు. టీవీకి లూసీ దొరికాక ఈమె అవసరం రాలేదు.