బ్లూనోస్ కర్ర ఓడ కిట్: చెక్కకి ఫుల్ మార్కులు, దారాలకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ముక్కలు అతికించి ఓడ నమూనా కట్టుకునే ఈ కిట్ కొనొచ్చు. కానీ డబ్బా మీద ఫొటో చూసి, లోపల ఇచ్చిన సామానుతోనే అలాంటి ఓడ తయారైపోతుందనుకుని మాత్రం కొనొద్దు. ఓడ పొట్ట వరకు ఇచ్చినవి నిజంగా బాగున్నాయి. అక్కణ్ణుంచి పైన కనిపించే తాళ్ళు, కప్పీలు, చిన్న చిన్న లోహపు ముక్కలు, వీటన్నిటికీ మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాల్సిందే. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఈ ఓడకి కిట్లు చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, డబ్బా మీద ఏ పేరున్నా కొనే ముందు చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

కెనడాలో ఉండే మనవాళ్ళ జేబుల్లో బ్లూనోస్ రోజూ తిరుగుతూనే ఉంటుంది, 10 సెంట్ల నాణెం మీద 1937 నుంచీ ఉన్న తెరచాప ఓడ ఇదే. నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్‌లో 1921లో కట్టారు, చేపల వేటకీ పందేలకీ రెండిటికీ. కెప్టెన్ ఆంగస్ వాల్టర్స్ దీంతోనే జాలరి ఓడల పందేల్లో పేరు తెచ్చుకున్నాడు. 1946లో హైతీ దగ్గర సముద్రపు దిబ్బకి గుద్దుకుని మునిగిపోయింది. ఇప్పుడు మనకి కనిపించేది 1963లో కట్టిన బ్లూనోస్ 2. కొన్ని కిట్లు పాతదానివి, కొన్ని కొత్తదానివి, డెక్ మీద అమరిక తేడాగా ఉంటుంది, ఏది కావాలో చూసుకుని ఆర్డర్ పెట్టండి. నేను తీసుకున్నది పాతదే, స్కేలు 1:64, అంటే అసలు ఓడలో 64వ వంతు. అసలు ఓడ 143 అడుగులు, కాబట్టి మోడల్ పొట్టే 27 అంగుళాల దాకా వస్తుంది, ముందుకి పొడుచుకొచ్చే కొయ్య దానికి అదనం.

చెక్క గురించి. ఓడకి వెన్నెముకలాంటి కీల్, దానికి అడ్డంగా పక్కటెముకల్లా కూర్చునే బల్క్‌హెడ్లు లేజర్‌తో కోసి ఇచ్చారు, గాడుల్లో బిగుతుగా, ఎక్కడా ఊగకుండా కూర్చున్నాయి. బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క పట్టీల్లో ముడులు లేవు, వంకర్లు లేవు. లేజర్ తగిలిన అంచులు నల్లగా మాడి ఉంటాయి, ఆ మాడు మీద జిగురు సరిగ్గా పట్టదు, కాబట్టి అతికించే చోటల్లా గరుకు కాగితంతో తీసేయాలి. ఇంత అవసరమైన విషయం కిట్‌తో ఇచ్చిన సూచనల పుస్తకంలో ఎక్కడా లేదు.

అసలు కోపం ఆ పుస్తకం మీదే. పలకలు వేయడం, అంటే ఆ పట్టీల్ని వరసగా అతికించి పొట్టని కప్పడం, ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం, దానికి వాళ్ళు ఇచ్చింది రెండే వాక్యాలు: డెక్ దగ్గర మొదలుపెట్టి కిందికి అతికించుకుంటూ పొండి అని. ఎలా పోతాం? పట్టీలన్నీ ఒకే వెడల్పు, ఓడేమో నడుమ దగ్గర పెద్ద పొట్టతో ఉండి ముక్కు దగ్గరికొచ్చేసరికి సన్నబడిపోతుంది, జాకెట్టు కుట్టేటప్పుడు నడుం దగ్గర గుడ్డ తగ్గించినట్టు ఇక్కడ ప్రతి పట్టీనీ ముందు వైపు కోసి సన్నం చేయకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. వెనక అడుగు భాగంలో ఇంకో రకం తలనొప్పి, అక్కడ పట్టీలు చాలక సందులు పడతాయి, త్రికోణంగా చిన్న ముక్కలు కోసి ఇరికించాలి. చేయాల్సింది ఏంటంటే, ప్రతి బల్క్‌హెడ్ అంచు పొడవునీ కాగితం పట్టీతో కొలిచి, దాన్ని పలకల సంఖ్యతో భాగించి, గుర్తులు పెట్టుకోవాలి. అంతకంటే ముందు, సన్నటి పట్టీ ఒకటి వాటి మీదుగా వంచి చూస్తూ, అది ప్రతి అంచునీ తాకేదాకా బల్క్‌హెడ్లని ఏటవాలుగా అరగదీయాలి. ఇక్కడ తొందరపడితే పైన ఎంత రంగు వేసినా ఎత్తుపల్లాలు కనిపిస్తూనే ఉంటాయి, పైగా బ్లూనోస్ పొట్ట పైభాగం నలుపు, నలుపు ఏదీ దాచదు.

పట్టీల్ని వేడినీళ్ళలో నానబెట్టి వంచి, క్లిప్పులు పెట్టి, పూర్తిగా ఆరాకే అతికించండి. తడిగా ఉన్న చెక్క ఉబ్బి ఉంటుంది, అలాగే అతికిస్తే ఆరాక సందులు. సూపర్ గ్లూ కంటే మామూలు చెక్క జిగురే నయం, సర్దుకోవడానికి టైమ్ ఇస్తుంది, ఇండియాలో ఉన్నవాళ్ళకి ఫెవికాల్ చక్కగా సరిపోతుంది.

ఇక దారాలు. 1:64లో అసలు ఓడ మీది అంగుళం మందం తాడు 0.4 మిల్లీమీటర్లు అవ్వాలి, అందుకే రకరకాల మందాలు కావాలి. డబ్బాలో ఉన్నవి రెండే మందాలు, అవీ నూగు లేచిన నూలు దారాలు. తేనెమైనం పట్టించి చూశా, కాస్త అణిగింది కానీ దగ్గరగా చూస్తే తెలుస్తూనే ఉంది. పాలియెస్టర్ దారం విడిగా కొన్నాక గానీ ఓడకి ఓడ కళ రాలేదు. తాళ్ళు బిగించడానికి వాడే డెడ్ఐలనే మూడు కన్నాల బిళ్ళలు కొన్నిటికి కన్నాలే పూర్తిగా పడలేదు, సన్నటి డ్రిల్ బిట్‌తో మళ్ళీ తొలుచుకోవాల్సి వచ్చింది. పోత లోహంతో చేసిన డోరీల్లో, అంటే డెక్ మీద పెట్టే చిన్న చేపల పడవల్లో, ఒకటి అసలు లేదు. మెయిల్ పెడితే పంపించారు, కాదనను, కానీ అది వచ్చేసరికి డెక్ పని మొత్తం అయిపోయింది. మూడొందల డాలర్లకి దగ్గరగా తీసుకునేవాళ్ళు నాలుగు ఉండల మంచి దారం పెట్టలేరా?

మొదటి ఓడగా ఇది పనికొస్తుందా అని అడిగేవాళ్ళకి: ఓపిక ఉంటే పనికొస్తుంది. తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు రెండే, తెరచాపలన్నీ ఓడ పొడవునా ఉండేవి, అడ్డదూలాలు లేవు, కాబట్టి తాళ్ళ పని బాగా తక్కువ. చాలామంది నేరుగా హెచ్ఎంఎస్ విక్టరీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌక మీద పడతారు, మూడు కొయ్యలు, 104 ఫిరంగులు, ఒక్కో ఫిరంగికీ మళ్ళీ తాళ్ళు. వద్దు. తెరచాపల గుడ్డ గురించి కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి, నేత ఈ స్కేలుకి మరీ ముతక, నేను వాడలేదు, ఉత్త కొయ్యలూ తాళ్ళతోనే ఉంచేశా, నా కంటికి అదే బాగుంది.

పెట్టడానికి చోటు ముందే చూసుకోండి. స్టాండుతో కలిపి ఎత్తే రెండడుగులు దాటుతుంది, మామూలు పుస్తకాల అరలో పట్టదు, అద్దాల పెట్టె లేకపోతే దుమ్ము తుడవడం నరకం. ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళు కట్టిన ఓడ కాకుండా కిట్ డబ్బానే తీసుకెళ్ళండి, పొడవుగా ఉంటుంది కాబట్టి సూట్‌కేసు కొలతతో సరిచూసుకోండి. ఎనామెల్ రంగులు, థిన్నర్ మాత్రం అందులో పెట్టొద్దు, మండే సరుకని విమానంలో ఒప్పుకోరు, అక్కడ దొరికే అక్రిలిక్ రంగులు దీనికి చాలు.