మూడు జీబీ ట్యాబ్‌తో మూడేళ్లు, పక్కన ఒక పాత ల్యాప్‌టాప్

ముందే చెప్పేస్తున్నా, నా ట్యాబ్ మీద నాకు కోపం ఉంది. తెర మీద కాదు, బ్యాటరీ మీద కాదు, అందులో ఉన్న ఆ మూడు జీబీ ర్యామ్ మీద, అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి ఉండే చోటు మీద. 2022 దసరాకి కొన్నప్పుడు పెట్టె మీద ఆ అంకె కనపడుతూనే ఉంది. చూశా, వదిలేశా. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో మాత్రం రెండుసార్లు అడిగా. ట్యాబ్‌తో ఫొటోలు తీసేది ఎవరో నాకిప్పటికీ తెలీదు.

మాది చీరాల. బీఈడీ అయి చాలా ఏళ్లయింది. సాయంత్రం ట్యూషన్లు, మిగతా టైములో డీఎస్సీ చదువు, మధ్యలో ఇద్దరు పిల్లలు. ఇరవై వేలు దాటితే ఇంట్లో మాట వస్తుంది. ఆ డబ్బుకి కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఆన్ చేసి టీ పెట్టుకుని రావచ్చని అందరూ భయపెట్టారు. సరే అని పద్నాలుగున్నర వేలు పెట్టి ట్యాబ్, ఇంకో రెండు వేలు పెట్టి కీబోర్డున్న కవరు తీసుకున్నా.

మొదటి ఏడాది దాన్ని నెత్తిన పెట్టుకున్నా. స్కూలు పుస్తకాలన్నీ పీడీఎఫ్‌లుగా దించుకున్నా. మన ఆంధ్రా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది కదా, ట్యాబ్‌ని అడ్డంగా పెడితే రెండూ ఒకేసారి కనపడేవి. ఫోన్లో రెండు వేళ్లతో లాక్కుంటూ చదివిన కళ్లకి అదో పండగ. నోట్సు నోటితో చెప్పి రాయించేదాన్ని. మామూలు మాటలు బానే పట్టుకునేది, వ్యాకరణం దగ్గరికొచ్చేసరికి తేలిపోయేది. గసడదవాదేశ సంధి అని ఎన్నిసార్లు చెప్పినా "గజ దేవదేశ సంధి" అని రాసేది. మా వదినకి ఫోన్ చేసి మరీ చెప్పా, ల్యాప్‌టాప్ దండగ వదినా, ఇదే కొనుక్కో అని. ఆవిడా అదే కొంది.

తర్వాత ఆ రాత్రి వచ్చింది.

ఒక ఉద్యోగానికి దరఖాస్తు, మర్నాడే ఆఖరు తేదీ. పిల్లలు పడుకున్నాక పదిన్నరకి కూర్చున్నా. పేరు, కులం, పదో తరగతి హాల్ టికెట్ నంబరు, డిగ్రీ మార్కులు, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ ఏడాది ఏ ఊళ్లో చదివామో ఆ లోకల్ లెక్క... అన్నీ నింపా. ఫొటో దగ్గరికొచ్చా. యాభై కేబీ లోపు ఉండాలంది. నా ఫొటో రెండు ఎంబీ పైనే ఉంది. సైజు తగ్గించే యాప్ తెరిచి, తగ్గించి, వెనక్కి వచ్చా. బ్రౌజర్ ఒక్క క్షణం తెల్లగా వెలిగి పేజీని మళ్లీ మొదటి నుంచి తెచ్చింది. అన్ని గళ్లూ ఖాళీ.

పొరపాటున ఏదో నొక్కానేమో అనుకుని మళ్లీ నింపా. ఈసారి ఫొటో, సంతకం ముందే సిద్ధం చేసి పెట్టుకున్నా. బీఈడీ సర్టిఫికెట్ నంబరు గుర్తులేక ఆ పీడీఎఫ్ తెరిచి చూసి వచ్చా. మళ్లీ తెల్లటి పేజీ. మూడోసారి నంబర్లన్నీ మా అమ్మాయి రఫ్ నోట్సు వెనకాల రాసుకుని బ్రౌజర్‌లోంచి కదలకుండా నింపా. ఫొటో ఎక్కించడానికి గ్యాలరీ తెరుచుకుందో లేదో వెనక బ్రౌజర్ పోయింది. అప్పటికి ఒంటిగంటా పావు. ఏడుపు రాలేదు గానీ ట్యాబ్‌ని మాత్రం మంచం మీదకి విసిరా. పరుపు మీద పడింది కాబట్టి సరిపోయింది.

తర్వాత మా తమ్ముడు చెప్పాడు, సైటుది తప్పేమీ లేదట. మూడు జీబీలో సగానికి పైగా ఆండ్రాయిడే తినేస్తుంది. మనం ఇంకో యాప్ తెరవగానే చోటు చాలక వెనకున్నదాన్ని చంపేస్తుంది. వీడియో అయితే ఆగినచోటు నుంచి మళ్లీ మొదలవుతుంది, నింపిన ఫారానికి ఆ సుఖం లేదు. సెట్టింగుల్లో ర్యామ్ పెంచే మీట ఒకటుంటే అదీ వేసి చూశా. అది స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుతుందట. ఉన్నదే ముప్పై రెండు జీబీ, అదీ పుస్తకాలతో నిండిపోయి ఉంది. ట్యాబ్ ఇంకా నత్తనడక పట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు.

పొద్దున్నే నెట్ సెంటర్‌కి పరిగెత్తా. ఆ అబ్బాయి పావుగంటలో ముగించి వంద తీసుకున్నాడు. ట్యాబ్ సంగతి చెప్తే నవ్వాడు. "ట్యాబ్‌లో సగం నింపి వచ్చేవాళ్లు రోజుకి ఇద్దరన్నా ఉంటారక్కా, మీరు మూడుసార్లు నింపారా!" అన్నాడు. ఆ మాట మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

2024 వేసవిలో తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, పదిహేడు వేలకి ఒక పాత ల్యాప్‌టాప్ కొని పంపాడు. ఏదో ఆఫీసులో వాడి తీసేసింది. ఇంటెల్ ఐ5 ఆరో తరం ప్రాసెసర్, ఎనిమిది జీబీ ర్యామ్, వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ స్టోరేజీ. మూత మీద గీతలు, ఎంటర్ మీట నున్నగా అరిగిపోయి మెరుస్తూ ఉంది. చూడగానే నాకు మొహం వేలాడింది. కానీ బ్రౌజర్‌లో పదిహేను పేజీలు తెరిచి పెట్టి ఫొటో సైజు తగ్గించి వెనక్కి వస్తే ఫారం ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. ఆ అరిగిన ఎంటర్ మీట మీద ప్రేమ పుట్టింది అప్పుడే.

తెలుగు టైపింగ్ కూడా ఇక్కడే కుదిరింది. ట్యాబ్ కవరు కీబోర్డు మీద ఎంత కొట్టినా నాకు ఇంగ్లీషు అక్షరాలే పడేవి, తెలుగు కావాలంటే మళ్లీ తెర మీద వేలే. రెండు వేలు పెట్టి కొన్నది స్టాండుగా మిగిలింది. ఇందులో ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే అమ్మ అనే పడుతుంది. ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలన్నీ ఇప్పుడు నేనే కొడుతున్నా.

అలాగని ల్యాప్‌టాప్ బంగారమేమీ కాదు. బ్యాటరీ గంటంపావు వస్తే గొప్ప. కరెంటు పోయిన మధ్యాహ్నాలు మళ్లీ ట్యాబే గతి. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలతాయి, ఫ్యాను మిక్సీలా మోగుతుంది. దానికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే అర్హత, నాది ఆరోది. తమ్ముడు విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి పెట్టాడు. నా పనులకి సరిపోతోంది. విండోస్ కోసం చేసిన టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకునే బీకాం పిల్లలకైతే ఇది కుదరకపోవచ్చు. పాతది కొనేవాళ్లు ధర కంటే ముందు ప్రాసెసర్ ఏ తరమో అడగండి. తమ్ముడు ఆ రోజు ఇంకో మూడు నాలుగు వేలు వేసి ఎనిమిదో తరానిది చూడనా అని అడిగాడు, నేనే వద్దన్నా. అది మాత్రం పూర్తిగా నా పీనాసితనమే.

మెగా డీఎస్సీ వచ్చింది, 16,347 పోస్టులు, 2025 జూన్‌లో కంప్యూటర్ మీద పరీక్ష. చదువు ముప్పాతిక వంతు ట్యాబ్‌లోనే సాగింది, ఆ మాట ఒప్పుకోవాలి. మంచం మీద పడుకుని ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చదవడం అయ్యే పనా? మాక్ టెస్టులు మాత్రం ల్యాప్‌టాప్‌కి మౌస్ పెట్టి రాశా. వేలితో అలవాటు పడితే పరీక్ష హాల్లో మౌస్‌తో చెయ్యి తడబడుతుందని నా భయం. అది ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. ఉద్యోగం రాలేదు, దానికి ఈ రెండిట్లో దేన్నీ అనను.

అప్పట్లో వదినకి చెప్పిన మాట ఇప్పుడు చెప్పలేను. ఆవిడకి మాత్రం ఆ ట్యాబ్‌తో ఇబ్బందే లేదు. వంటల వీడియోలు, భక్తి పాటలు, అమెరికాలో ఉన్న అన్నయ్యతో వీడియో కాల్. ఫారాలు నింపే పని ఆవిడకి ఎప్పుడూ పడలేదు. నాకిప్పుడు రెండూ ఉన్నాయి కాబట్టి గొడవ లేదు, మొత్తం కలిపి ముప్పై మూడు వేలు పైన అయిందని మా ఆయన అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాడు. ట్యాబ్ ఇప్పటికీ బతికే ఉంది, ఛార్జింగ్ పిన్ను కొంచెం ఎడమకి వంచితే ఎక్కుతుంది, మా అమ్మాయి దాంట్లోనే పాఠాలు చదువుతోంది. దాన్ని అమ్మే ఆలోచనైతే లేదు.

మొన్న వదిన ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయి ఇంటర్ అయిపోతోంది, ట్యాబ్ కొనమంటావా ల్యాప్‌టాప్ కొనమంటావా అని. ఏ కోర్సులో చేరుస్తున్నారో ముందు చెప్పు వదినా అన్నా. ఇంకా తేలలేదట.